‘ఏం పని చేస్తవ్?’ అని అడిగితే

నా జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ‘వాట్ డు యూ డు?’ అనేది. ఏం పని చేస్తావు అని. రోజూ అడిగాను, ఏళ్ల తరబడి అడిగాను, గొంతు బొంగురుపోయేదాకా అడిగాను. అదే ప్రశ్న ఎవరైనా నన్ను అడిగితే మాత్రం ఒళ్లు మండేది. బీఏ పాసయ్యాను. ఎక్కడ దరఖాస్తు పెట్టినా జవాబు లేదు. చివరికి కోరుట్లలో ఒక సైకిల్ షాపు మీద గది అద్దెకు తీసుకుని, గల్ఫ్ పోవాలనుకునేవాళ్లకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను. ఉద్యోగం లేనివాడు ఉద్యోగానికి కావలసిన మాటలు నేర్పడం! మా అమ్మ ఊరుకుంటుందా? “ఊరోళ్లందర్ని దుబాయికి తోలి నువ్వు గీడనే సుద్దముక్కలు కొరుక్కుంట కూసో” అనేది, అన్నం పెట్టే ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి.

నా దగ్గర ఉన్నది ఒకే ఒక పుస్తకం. అట్ట ఊడిపోయిన పాత గైడు. అందులో ఉద్యోగాల గురించి పెద్ద పాఠం ఉండేది. నేను పది గంటలకు ఆఫీసుకు వెళ్తాను, నేనీ రోజు సెలవులో ఉన్నాను, మా యజమాని చాలా దయగలవాడు, నాకు ప్రమోషన్ వచ్చింది – అన్నీ ఇంగ్లీషులో, పేజీల కొద్దీ. రాసినవాడు ఎక్కడివాడో కానీ వాడికో దండం. నా ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లు మగ్గాల పనివాళ్లు, మేస్త్రీలు, దర్జీలు, బాయి ఎండిపోయి పొలం పడావు పెట్టిన రైతులు. ‘ఐ యామ్ ఆన్ లీవ్ టుడే’ అని బోర్డు మీద రాసి అర్థం చెబితే ఒకాయన చెయ్యెత్తాడు. “సార్, కరెంటు పోతది సూడు, గదేనా లీవంటె?” అని అడిగాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సెలవంటే ఏమిటో ఎరగనివాళ్లకు నేను సెలవు అడిగే ఇంగ్లీషు నేర్పుతున్నాను.

యజమాని వాక్యం ఇంకా పెద్ద తలనొప్పి. ‘మై బాస్ ఈజ్ ఎ కైండ్ మ్యాన్.’ ఒక్కడూ పలకడు. అనండయ్యా అంటే అనరు. చివరికి వెనక బెంచీ పెద్దాయన గొంతు తగ్గించి చెప్పాడు. “సేటు మంచోడు అని గట్టిగ అనుడెందుకు సార్? కింద రోడ్డు మీద ఎవలన్న ఇంటె? గోడలకు చెవులుంటయ్ సార్.” నిజమే. సేటును మెచ్చుకున్నాడని అడవిలోంచి వచ్చే అన్నలకు తెలిస్తే ఒక తంటా. సేటును తిట్టాడని పోలీసులకు తెలిస్తే ఇంకో తంటా. పొద్దుగూకితే బస్సులు బంద్ అయ్యే ఏళ్లవి. నా తరగతి కూడా నాలుగింటికి మొదలై ఆరు కాకముందే అయిపోయేది. ఆ వాక్యం కొట్టేశాను. పాఠంలో సగం అట్లాగే కొట్టేసుకుంటూ పోయాను.

కొట్టేయగా నాలుగైదు ప్రశ్నలు మిగిలాయి. ఏం పని చేస్తావు? ఎక్కడ చేశావు? ఎన్నేళ్లు చేశావు? ఎవరి కింద చేశావు? నీతో ఎంతమంది చేస్తారు? గల్ఫ్ కంపెనీల తరఫున వచ్చేవాళ్లు అడిగేవి ఇవే. తడుముకోకుండా జవాబు చెబితే గట్టెక్కినట్టే. దానికి నేనొక పద్ధతి పెట్టాను. నా కుర్చీలో ఒకరు కంపెనీ ఆఫీసరులా కూర్చోవాలి, ఎదురుగా ఇంకొకరు నిలబడాలి. కూర్చున్నవాడు పెన్ను మూత తీసి, కాగితం ముందుకు లాక్కుని అడగాలి. నిలబడ్డవాడు చెప్పాలి. నాకు ఆ పద్ధతి మీద చాలా గర్వంగా ఉండేది.

ఆ తరగతికి ఒకరోజు మా బావ వచ్చాడు. మా అక్క భర్త. వాళ్లది సిరిసిల్ల పక్కన, తంగళ్ళపల్లి దాటాక ఒక ఊరు. మరమగ్గాల్ని సిరిసిల్లలో సాంచాలంటారు. ఆ సాంచాలు బాగుచేసే మెకానిక్ ఆయన. పద్నాలుగేళ్లుగా అదే పని. రోడ్డు మీద నడుచుకుంటూ పోతూనే కార్ఖానా లోపలి చప్పుడు విని, ఫలానా సాంచ నాడె అరిగింది అని చెప్పేవాడు. లోపలికి పోయి చూస్తే, దారాన్ని అటూ ఇటూ మోసే ఆ నాడె నిజంగానే ఒక పక్క అరిగి ఉండేది. నా గదిలో ఫ్యాన్ ఎన్నాళ్లనుంచో టకటకా కొట్టుకుంటుంటే నేను పట్టించుకోలేదు. బావ వచ్చిన మొదటి రోజే బెంచీ మీద బెంచీ వేసి ఎక్కాడు. విప్పి, తుడిచి, నూనె పెట్టి బిగించాడు. మళ్లీ అది నోరెత్తలేదు.

ఆయన గల్ఫ్ పోవాలనుకున్నది సంపాదించి మేడ కట్టడానికి కాదు. ఆయన తమ్ముడు అంతకు ముందు ఏడాది అన్నల్లో కలిశాడు. అప్పటినుంచి ప్రతి సోమవారం బావ ఠాణాకు పోయి కూర్చోవాలి. తమ్ముడు ఎప్పుడొచ్చాడు, ఎవరితో వచ్చాడు, ఎక్కడ తిన్నాడు అని అడుగుతారు. సోమవారం పొద్దున పోయినవాడు ఒక్కోసారి మంగళవారం సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. ఏదో ఒక సోమవారం అసలే రాడేమోనని అక్క భయం. నయం, పాస్‌పోర్టు మాత్రం తమ్ముడు పోకముందే వచ్చి ఉంది. ఏదన్నా కంపెనీలో పని దొరికితే దేశం దాటొచ్చు, ఈ సోమవారాలు తప్పుతాయి. అందుకని అక్క ఇద్దరు పిల్లల్ని తీసుకుని కోరుట్లకు, మా ఇంటికి వచ్చేసింది. బీడీలు చుట్టుకుంటూ కూర్చుని బావను నాకు అప్పజెప్పింది. “తమ్మీ, నీ సదువు మాకెప్పుడన్న అక్కెరకు రావాలంటె గిప్పుడే రావాలె” అంది.

సరిగ్గా అప్పుడే ఏజెంటు కబురు పెట్టాడు. గల్ఫ్‌లో ఒక బట్టల మిల్లుకు సాంచాల మెకానిక్‌లు కావాలి, బొంబాయి నుంచి కంపెనీ మనిషి జగిత్యాలకు వచ్చి చూస్తాడు, మూడు వారాలు టైముంది అన్నాడు. దేవుడు వరమిచ్చినట్టే అనుకున్నాను. బావకు పని చేతిలో ఉంది, మాటలు నా చేతిలో ఉన్నాయి. ఇంకేం కావాలి?

బావ చదివింది అయిదో తరగతే గాని బుర్ర చురుకు. ఇంట్లో అన్నం తింటూ పెద్ద బిడ్డకు అప్పజెప్పేవాడు. “ఐ యామ్ ఎ లూమ్ మెకానిక్. ఫోర్టీన్ ఇయర్స్ ఎక్స్‌పీరియెన్స్. సిక్స్ మెన్ వర్క్ విత్ మీ.” ఒక్క తప్పు ఉండేది కాదు. అక్క చేతిలో బీడీ ఆకు పట్టుకుని నోరు తెరుచుకుని చూసేది. తరగతిలోకి వచ్చాక, కుర్చీలో ఒకడు కూర్చుని పెన్ను మూత తీసి ‘వాట్ డు యూ డు?’ అన్నాడో లేదో, అంతే. బావ చేతులు కట్టుకునేవాడు, చూపు కిందికి దించేవాడు. “ఐ డోంట్ నో సార్” అనేవాడు.

ఆ వాక్యం నేర్పింది నేనే. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి. ప్రశ్న అర్థం కాకపోతే బిక్కమొహం వేసుకుని నిలబడకుండా ఆ ముక్క చెప్పండి అని మొదటి రోజే నేర్పాను. బావకు అన్నిటికంటే ముందు వచ్చిందీ, అందరికంటే శుద్ధంగా వచ్చిందీ అదే. ఎక్కడ పని చేశావు? ఐ డోంట్ నో సార్. ఎన్నేళ్లు? ఐ డోంట్ నో సార్. నీతో ఎంతమంది? ఐ డోంట్ నో సార్. నాకు బీపీ లేచేది. “ఇంట్ల మంచిగనే చెప్తవ్ గద బావా, గిక్కడికి రాంగనే ఏమైతది నీకు?” అని అరిచేవాణ్ణి. “నీకేంది బామ్మర్ది, కుర్సీల కూసుంటవ్, అడుగుతవ్” అని నవ్వేవాడు.

పోనీ నువ్వే కుర్చీలో కూర్చో, నువ్వే అడుగు, అలవాటవుతుంది అన్నాను. ససేమిరా అన్నాడు. “గా కుర్సీల కూసునెటోళ్లు ఏరె ఉంటరు. నాకద్దు” అని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను దాన్ని మొండితనం అనుకున్నాను. అల్లుడి హోదా చూపిస్తున్నాడని కూడా అనుకున్నాను. మూడు వారాలూ గోడకు చెప్పుకున్నట్టే అయింది.

ఇంటర్వ్యూ రోజు అక్క బావకు ఇస్త్రీ చొక్కా తొడిగించింది. పాస్‌పోర్టు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి జేబులో పెట్టింది. బావ చేతిలో నేను రాసిచ్చిన నోటుబుక్కు. జగిత్యాల బస్టాండ్ దగ్గర లాడ్జి, మేడ మీద గది. మెట్ల మీద, వరండాలో, ఎక్కడ చూసినా మనుషులే. నేను ఇంగ్లీషు సారునని చెప్పి ఏజెంటును బతిమాలితే గుమ్మం దగ్గర నిలబడనిచ్చాడు. కంపెనీ మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. కళ్లద్దాలు, తెల్ల చొక్కా, ముందు టేబులు మీద ఒక ఫైలు. బావ చెప్పులు బయట వదిలి లోపలికి పోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

పేరు అడిగితే చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఆయన పెన్ను మూత తీసి, కాగితం ముందుకు లాక్కుని, “వాట్ డు యూ డు?” అన్నాడు. బావ ఆ పెన్ను వంకే చూస్తున్నాడు. మొహం చూస్తే తెలిసిపోయింది నాకు. “ఐ డోంట్ నో సార్.”

ఆయన నవ్వి, ఇంగ్లీషు రాదేమోనని హిందీలో అడిగాడు. “మాలూం నై సాబ్” అన్నాడు బావ. పక్కనున్న ఏజెంటుకు చిర్రెత్తింది. “అరె, నువ్వేం పని చేస్తవయ్యా? తెలుగులనే చెప్పు రాదూ” అన్నాడు. “తెల్వది సార్” అన్నాడు బావ. మూడు భాషల్లో అడిగారు, మూడు భాషల్లోనూ ఒకటే జవాబు. ఇంగ్లీషుకూ ఈ రోగానికీ సంబంధం లేదని నాకు అక్కడ తెలియాలి. తెలియలేదు. కోపం తప్ప నాకేదీ తెలియడం లేదు.

గుమ్మంలోంచి నేనే అరిచాను. “సార్, హి ఈజ్ ఎ లూమ్ మెకానిక్! ఫోర్టీన్ ఇయర్స్! హి ఈజ్ మై బ్రదర్ ఇన్ లా!” అన్నాను. మూడు ముక్కలూ ఎంత ధారాళంగా వచ్చాయో. కంపెనీ ఆయన నావైపు చూసి, అతన్నే చెప్పనివ్వు అన్నాడు. బావ చెప్పలేదు. ఆయన కాగితం మీద ఒక గీత గీశాడు. ఏజెంటు ఇంకో మనిషిని పిలిచాడు.

కోరుట్ల బస్సెక్కాక నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. బస్సు నిండా జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. “పద్నాలుగేండ్ల పని బావా! మిల్లు మొత్తం విప్పి మల్ల బిగిస్తవ్. గా ముక్క చెప్పుడు గంత కష్టమా? ఉన్నది ఉన్నట్టు చెప్పుడే గద! ఇంగ్లీషుల రాకపోతె తెలుగుల చెప్పు, నోరుందా లేదా నీకు? మా అక్క మొఖం జూసి అన్న చెప్పకపోతివి!” ముందు సీట్లో ఆడవాళ్లు తిరిగి చూశారు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. “అయిపోయింది గద బామ్మర్ది, ఇగ ఇడువు” అన్నాడు ఒకసారి. నేను విడవలేదు. మూడు వారాల కడుపుమంట మొత్తం కక్కాను. అమ్మ అన్న మాటలు, రాని ఉద్యోగాలు, అన్నీ కలిపి ఆయన నెత్తినే కొట్టాను.

సగం దూరం వచ్చాక ఒక వాగు దగ్గర బస్సు ఆగింది. ఎండ ఇంకా ఉంది. రోడ్డుకు అడ్డంగా జీపు, పోలీసులు. ఆ ఏళ్లలో అది వింత కాదు. మగవాళ్లందరూ దిగారు, చెప్పకముందే వరస కట్టారు. ఆ వరస కట్టడం మా ప్రాంతంలో అందరికీ వచ్చు. బావ, ఆయన పక్కన నేను, నా పక్కన ఎవరో ముసలాయన.

జేబులు తడుముతూ వచ్చిన పోలీసాయన బావ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. పాస్‌పోర్టు విప్పి, పేరు చదివి, ఊరు చదివి, తలెత్తాడు. ఇంకో కాగితం తీసి చూసుకున్నాడు. “దుబాయికి పారిపోతున్నవా? ఏం పని చేస్తవ్‌రా నువ్వు?” అన్నాడు. “తెల్వది సార్” అన్నాడు బావ. చెంప మీద ఒక దెబ్బ పడింది. బావ కదలలేదు. పోలీసాయన నావైపు తిరిగాడు. జేబులోంచి పెన్ను తీసి, కాగితం అరచేతిలో పరుచుకున్నాడు. “నువ్వు ఈనితోని అచ్చినవా? ఎవడీడు? ఏం పని చేస్తడు?”

నేను రోజూ అడిగే ప్రశ్నే. ఇంగ్లీషు కూడా కాదు, మా అమ్మ మాట్లాడే తెలుగు. గంట కిందట లాడ్జిలో అడగకపోయినా అరిచి చెప్పిన జవాబే చెప్పాలి. ఆ పెన్ను ములుకు నాకు చాలా దగ్గరగా కనిపించింది. నా చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి.

“తెల్వది సార్. ఎవలో. నేను కోరుట్ల బస్సెక్కిన” అన్నాను.

బావ నావైపు చూడలేదు. తను చూస్తే నేను దొరికిపోతానని చూడలేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. చూడ్డానికి మనసు రాలేదేమో కూడా. మిగతావాళ్లతో పాటు నన్ను బస్సెక్కించారు. బావను జీపు పక్కన నిలబెట్టారు. బస్సులో అందరూ నా అరుపులు విన్నవాళ్లే. బావా బావా అని నేనెన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఒక్కరూ నోరు విప్పలేదు. సీటు మీద బావ నోటుబుక్కు ఉంది. దాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీలో నా చేతిరాత. వాట్ డు యూ డు, ఐ యామ్ ఎ లూమ్ మెకానిక్.

ఇంటికి పోయేసరికి అక్క గడపలో నిలబడి ఉంది. “మీ బావేడిరా?” అంది. చెప్పాను. జీపు అన్నాను, పాస్‌పోర్టు అన్నాను. ఆమె ఏడవలేదు. గడప మీద కూలబడింది. తర్వాత, “నిన్నేమడిగిండ్రు? నువ్వేమన్నవ్?” అంది.

“ఏమనలే” అన్నాను.

“మంచి పని చేసినవ్ తమ్మీ” అంది అక్క. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. “నోరు మూసుకున్నవ్, బతికినవ్. నిన్ను గూడ జీపెక్కిస్తె అమ్మేం గావాలె? మీ బావ మొదలు మొదలు ఉన్నదున్నట్టే చెప్పెటోడు. నీతోని ఎవలెవలు పని చేస్తరని ఠాణాల అడిగిండ్రు. అండ్ల దాచిపెట్టుడేమున్నదని ఆరుగురు సార్ అని పేర్లు చెప్పిండు. పేర్లు రాసుకున్నరు. తెల్లారి గాళ్లల్ల ఇద్దర్ని తోల్కపోయిండ్రు. ఒకాయన ఇప్పటికి సాంచ ముందట నిలవడలేడు. ఆయన పెండ్లాం మా వాకిట్లకచ్చి దుమ్మెత్తి పోసింది. గప్పటిసంది కాయితం పట్టుకున్నోడు ఎవలేమడిగినా మీ బావకు తెల్వదే. నన్ను గూడ తెల్వదంటడేమో.”

ఏం పని చేస్తావు, ఎక్కడ చేశావు, ఎవరి కింద చేశావు, నీతో ఎంతమంది చేస్తారు. నా పద్ధతి, నా కుర్చీ, నా పెన్ను. నేను గర్వంగా నేర్పిన ప్రశ్నలన్నీ ఆయనకు ప్రతి సోమవారం ఠాణాలో ఎదురవుతున్నవే. కొత్తగా నేను కలిపింది ఇంగ్లీషు ఒక్కటే. మూడు వారాల పాటు ఒక మనిషిని రోజూ సాయంత్రం ఠాణాలో నిలబెట్టి, చెప్పవేం, చెప్పవేం అని గద్దించాను. ఈ సంగతి అక్క నాకు మూడు వారాల ముందు చెప్పి ఉండకూడదా అని ఆమె మీద కూడా కోపం వచ్చింది. తప్పంతా ఎవరి మీదన్నా తోసేయాలని ఉంది నాకు. ఆ రాత్రి నేను నోరు మూసుకోలేదనీ, నోరు తెరిచే ఆ మాట అన్నాననీ అక్కకు చెబుదామని రెండుసార్లు లేచాను. చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బావ వచ్చాడు. చొక్కాకు ఒక్క గుండీ కూడా లేదు. రెండు అరచేతులూ వాచి ఉన్నాయి. పాస్‌పోర్టు మాత్రం తిరిగి ఇచ్చారు, ఎందుకిచ్చారో దేవుడికే తెలియాలి. అక్క వేణ్ణీళ్లు పెట్టి, పసుపు కాచి చేతులకు పట్టు వేసింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నన్ను చూసి, “నువ్వు మంచిగనే చేరినవ్ గద?” అన్నాడు. అంతే. బస్సు మాట ఎత్తలేదు. అప్పుడూ ఎత్తలేదు, అక్క లేనప్పుడూ ఎత్తలేదు. నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిట్టించుకునే అదృష్టం కూడా లేకపోయింది.

నెల తిరక్కుండా ఏజెంటు ఇంకో వీసా తెచ్చాడు. క్లీనర్ పని. ఊడవాలి, తుడవాలి. దానికి ఇంటర్వ్యూ లేదు, ఎవరూ ఏమీ అడగరు. “ఎవలేమడుగరా? గట్లయితె గదే మంచిగున్నది” అన్నాడు బావ. నాకు మండిపోయింది. చప్పుడు విని సాంచ రోగం చెప్పే మనిషి చీపురు పట్టుకోవడానికి సముద్రం దాటడమేమిటి? ఇంకో మిల్లు వస్తుంది ఆగు అన్నాను. “ఎన్ని సోమారాలు ఆగుదు బామ్మర్ది?” అన్నాడు.

బొంబాయి బస్సు ఎక్కే రోజు సాయంత్రం, బ్యాగు కింద సైకిల్ షాపులో పెట్టి, నా గదికి వచ్చాడు. తరగతి నడుస్తోంది. వాపు తగ్గింది గానీ వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. అందర్నీ పలకరించాడు. అందరూ, సార్ వాళ్ల బావ దుబాయి పోతున్నాడని సంబరపడ్డారు. ఆయన నేరుగా వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. అన్నాళ్లు బతిమాలితే కూర్చోనివాడు, తనంతట తానే కూర్చున్నాడు. టేబులు మీది నా పెన్ను మూత తీశాడు, ఒక కాగితం ముందుకు లాక్కున్నాడు.

“నిలవడు బామ్మర్ది” అన్నాడు. బెంచీల మీద నవ్వులు. నేను ఎదురుగా నిలబడ్డాను. ఆయన బొటనవేలు తన ఛాతీకి ఆనించుకుని, నేను నేర్పిన ఇంగ్లీషులోనే, ఒక్క తప్పు లేకుండా అడిగాడు.

“హూ ఈజ్ దిస్ మ్యాన్? వాట్ డస్ హి డూ?”

తరగతి మొత్తం నా జవాబు కోసం చూస్తోంది. వాళ్లకది పాఠం. “హి ఈజ్ మై...” అన్నాను. మిగతా ఇంగ్లీషు రాలేదు. “మా బావ” అన్నాను. “మా అక్క పెనిమిటి. సాంచాల మెకానిక్. పద్నాలుగేండ్లు” అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

బావ కాగితం మీద ఏమీ రాయలేదు. పెన్నుకు మూత పెట్టి, లేచి, దాన్ని నా చొక్కా జేబులో గుచ్చాడు.

“గంతే బామ్మర్ది. చెప్పుడు గంత కష్టమా?” అన్నాడు. నవ్వాడో లేదో నేను తలెత్తి చూడలేదు. మెట్లు దిగి, బ్యాగు భుజాన వేసుకుని బస్టాండ్ వైపు నడిచాడు.

తరగతిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సార్‌కు బావంటే పానమని అనుకున్నారు. అక్కకు ఇప్పటికీ తెలియదు. ఆ ఏళ్ల మాట వస్తే చాలు, వాగు కాడ మా తమ్ముడు నోరు మూసుకుని మంచి పని చేసిండు అని ఈ రోజుకూ నలుగురిలో చెబుతూనే ఉంటుంది.